మఠం గోడలు మింగిన మాట

తమిళనాట కళుగుమలై దారిలోని ఆ అగ్గిపెట్టెల షెడ్డుకు ఆడవాళ్లు తొమ్మిదింటికల్లా వచ్చేస్తారు. ఒకప్పుడు సిస్టర్లు పైవస్త్రాలు తగిలించిన కొయ్యలకే అన్నం సంచులు తగిలిస్తారు. చెప్పుకోవాల్సిన కబుర్లన్నీ వరండాలోనే చెప్పేసుకుంటారు. గడప దాటితే ఎవరి గొంతూ పలకదు మరి.

అది ఒకప్పుడు, మౌనం పాటించే సిస్టెర్సియన్ క్రైస్తవ కన్యల మఠం. సముద్రం దాటి వచ్చిన ఏడుగురు సిస్టర్లు ఆ పొడుగు హాల్లో ముప్పై ఏళ్లు మౌనంగా గంజి తాగారు. చివరావిడ పోయాక పత్తి గోడౌను అయింది, తర్వాత ఈ షెడ్డు. మనుషులు మారారు గానీ గోడలకు అలవాటు పోలేదు. మాట పుట్టగానే మింగేస్తాయి.

"మంచిదే, పని జరుగుతుంది" అంటాడు ఓనరు సీనివాసన్.

చిన్నప్పుడు సిస్టర్లకు నీళ్లు మోసిన పేచ్చియమ్మాళ్ వాళ్ల చేతి సైగలన్నీ అందరికీ నేర్పింది. చెయ్యెత్తి వేళ్లు ఆడిస్తే మంట. గుండె మీద అరచెయ్యి ఆనిస్తే 'ఇక చాలు' అని.

"అవ్వా, నీ సైగలతో మొగుణ్ణి తిట్టేదెట్ల?" ఒక మంగళవారం వరండాలో ఎగతాళి చేసింది మనవరాలు పాండిసెల్వి.

"ముందు పెండ్లి చేసుకోవే, తిట్టు తానే వస్తాది."

అందరూ నవ్వుతూ గడప దాటారు. నవ్వు అక్కడే తెగింది.

పదకొండింటికి పాండిసెల్వి వెనక పుల్లల తట్ట రాపిడికి భగ్గుమంది. మంట ఆమె ఓణీ కొస పట్టుకుంది. అందరి తలలూ పని మీదే వంగి ఉన్నాయి. అవతలి కొస నుంచి అవ్వ ఒక్కతే చూసింది. చెయ్యెత్తి వేళ్లు ఆడించింది. పిల్ల వీపు ఇటు. లేవబోతే మోకాళ్లు లేవలేదు. అరిచింది. నోరు తెరుచుకుందే గానీ చప్పుడు లేదు. ఏసయ్యా, ఈ ఒక్క అరుపు పలకనీ, ఇంక నా గొంతు నువ్వే తీసుకో, అనుకుని మళ్లీ అరిచింది.

గోడలు పగిలినట్టు పలికాయి. ఇన్నేళ్లుగా మింగిన తుమ్ములు, తిట్లు, పాటలు, ఎవరికీ తెలియని భాషలో ప్రార్థన, అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. అన్నిటి మీదా అవ్వ గొంతు:

"పాండీ! ఓణీ తీసి పారెయ్యవే!"

పాండిసెల్వి లాగి విసిరింది. ఆడవాళ్లు తడి గోనెలు వేసి మంటను తొక్కారు. తొక్కి, ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. ఎప్పుడో తాము అన్న మాటలు తమకే వినబడుతుంటే ఒళ్లు జలదరించింది.

ఆ పొద్దు నుంచి హాల్లో అందరి మాటా పలుకుతోంది.

మధ్యాహ్నం వరండాలో పాండిసెల్వి అవ్వకు అన్నం పెట్టింది. "తింటివా అవ్వా? ఇంకొంచెం పెట్టేదా?"

పేచ్చియమ్మాళ్ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గడపకు ఇవతలే ఉన్నారు, అయినా రాలేదు.

పిల్ల చేతిలోంచి గరిటె జారింది. "ఏందవ్వా? మాట్లాడవ్వా!"

ముసలామె మనవరాలి జడను కొసదాకా తడిమి చూసుకుంది. ఒక్క వెంట్రుకా కాలలేదు. అప్పుడు తన గుండె మీద అరచెయ్యి ఆనించింది.