పెళ్ళి మూటలు

బడి వెనక పిల్లలు నాటిన ఆపిల్ మొక్కలకు వారానికి ఒక్కసారే నీళ్ళ వంతు, ఆదివారం ఉదయం. కొండ మీద మంచు కరిగి కాలవగా ఊళ్ళోకి వస్తుంది. వంతు తప్పితే మళ్ళీ వారం ఆగాలి.

ఆ మే నెలలో వంతు వస్తూనే ఉంది, నీళ్ళే రావడం లేదు. పై వీధిలో సోవెత్‌బెక్ బైకే విందుశాల ఉంది. మా వైపు పెద్దవాళ్ళలో మగవాళ్ళని బైకే అనీ, ఆడవాళ్ళని ఎజే అనీ పిలుస్తాం. శనివారం అక్కడ పెళ్ళయితే ప్లాస్టిక్ పళ్ళేలూ సీసాలూ అన్నీ కాలవలోకి తోసేస్తారు. అవి బడి గోడ కింది తూములో ఇరుక్కుంటే నీళ్ళు వీధిలోకి పొర్లిపోతాయి. తూము బాగుచేసేది నేను పాఠం చెప్పే నాలుగో తరగతి పిల్లలే. వాళ్ళు చెత్త లాగి పూర్తి చేసేసరికి వంతు అయిపోయేది.

వాళ్ళకు నాయకురాలు నుర్జాదా. ఒకరోజు తన మొక్క బెరడును గోటితో గీకి నాకు చూపించింది. లోపల సన్నగా పచ్చదనం కనిపించింది.

"ఇంకా బతికే ఉంది, ఎజే. ఈ ఆదివారం కూడా తడవకపోతే చస్తుంది."

నేను వెళ్ళి ప్రధానోపాధ్యాయురాలు కల్బుబు ఎజేకి చెప్పాను. "బడికి కిటికీలు పెట్టించింది ఆయనే. పిల్లల్ని నోరు మూసుకుని తూము బాగుచేసుకోమను" అందావిడ.

ఆ శనివారం పెళ్ళికి ఆవిడా నేనూ కూడా వెళ్ళాం. మా వైపు విందు అయ్యాక ప్రతి అతిథి చేతిలోనూ మాంసం, వేయించిన రొట్టె, మిఠాయి కట్టిన మూట పెడతారు. అదే కేషిక్. దాన్ని వద్దనడమంటే ఇచ్చినవాళ్ళ మొహం మీద కొట్టినట్టే.

ఇంకా ఎండ ఉండగానే అందరం బయటికొచ్చాం. గేటు దగ్గర మా తరగతి పిల్లలు తెల్ల చొక్కాలేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. వెనక గోనెసంచులు. వచ్చినవాళ్ళందరికీ ఇంకో మూట అందిస్తున్నారు.

"తీసుకోండి, మీ కేషిక్."

అలవాటు కొద్దీ చేతులు చాచి పుచ్చుకుంటున్నారు. పట్టులా మెరిసే గౌనులో ఉన్న ఒకావిడ ముడి విప్పి ముక్కు మూసుకుంది.

"ఛీ! ఏంటే ఈ కంపు?"

"పోయిన శనివారం మీరు తిన్న పళ్ళేలే, ఎజే. ఇక్కడ వదిలేశారు, మా తూములోకి వచ్చాయి."

"నేను పోయిన శనివారం రానే లేదు!"

"పర్లేదు, వచ్చినవాళ్ళకి అందించండి."

ఎవరో పకపకా నవ్వారు. "పాలపళ్ళు ఊడలేదు గానీ నోరు చూడు దీనికి!" అన్నాడొకాయన. తన మూట మాత్రం కింద పెట్టలేదు.

సోవెత్‌బెక్ బైకే పరుగున వచ్చాడు. "ఎవరు పంపార్రా మిమ్మల్ని? ఈ టీచరేనా?"

నేను నోరు తెరిచేలోపే నుర్జాదా ముందుకొచ్చింది.

"మమ్మల్నెవరూ పంపలేదు. మీకూ ఉంది, బైకే. అన్నిట్లోకీ పెద్దది."

రెండు చేతులా పట్టుకుని చాచింది. ఆయన కదల్లేదు. ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ ఉమ్సున్ అపా అప్పటికే రెండు మూటలూ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏంట్రా సోవెత్‌బెక్, కేషిక్ వద్దంటావా? నీ గుమ్మంలోనే?"

జనం చూస్తున్నారు. వచ్చే శనివారం ఆ విందుశాలలోనే కూతురి పెళ్ళి పెట్టుకున్నావిడ కూడా చూస్తోంది. ఆయన మూట తీసుకున్నాడు. మురికినీళ్ళు కారి ఆయన బూట్లు తడిశాయి.

మర్నాడు తెల్లవారుతూనే పిల్లలు తూము దగ్గర చేరారు. నేనూ వెళ్ళాను. నిన్నటి పెళ్ళి చెత్త సోవెత్‌బెక్ బైకే ఏం చేశాడో ఎవరికీ తెలియదు. నుర్జాదా ఎవరితోనూ మాట్లాడకుండా పార పట్టుకుని కాలవలోకే చూస్తోంది.

ఇంతలో కల్బుబు ఎజే వచ్చింది. రాత్రంతా నిద్ర లేనట్టుంది.

"రేపు బడి మొత్తం ముందు నిలబడి ఆయనకి క్షమాపణ చెప్పాలి. లేకపోతే ఈ మొక్కల పనీ లేదు, మీ గుంపూ లేదు. వింటున్నావా?"

పైనుంచి చప్పుడు వినిపించింది. బురదరంగు నీళ్ళు ఎండుటాకుల్ని తోసుకుంటూ వచ్చాయి. వెనకాల ఒక్క పళ్ళెం కూడా లేదు. తూములో గుడగుడమని దిగి బడి వైపు తిరిగాయి.

"చెప్పను, ఎజే" అంది నుర్జాదా, తల తిప్పకుండానే. "మీరు కాస్త పక్కకి జరగండి. మొక్కలకి దారి మీ కాళ్ళ కిందే ఉంది."

కల్బుబు ఎజే వెంటనే జరగలేదు. పిల్ల పార దింపి ఆవిడ బూట్ల పక్కనే మట్టి తవ్వడం మొదలుపెట్టింది.