అనుమానంగా ఉంటే ఎన్ అనండి

మా తమ్ముడు లోకనాథం చనిపోయిన మంగళవారం, ఉదయం ఎనిమిదింపావుకి, మా ఇల్లు ఆగిపోతుంది.

విశాఖపట్నంలో వాడు అద్దెకుంటున్న గది యజమాని ఫోన్ చేసి, విషయం చెప్పి, పెట్టేస్తాడు. నేను ఫోను బల్ల మీద పెట్టి వంటింట్లోకి చూస్తాను. పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె అంచుకు జానెడు ఎత్తున నిలబడి ఉన్నాయి. కుళాయిలోంచి దిగిన నీళ్ళు బకెట్‌ను తాకకుండా గాజుకడ్డీలా వేలాడుతున్నాయి. గోడ మీద బల్లి నాలుక చాపి ఉంది. నేనొక్కదాన్నే కదులుతున్నాను.

ఇవాళ ఇరవయ్యో రోజు, ఆదివారం. పాలు ఇంకా కింద పడలేదు. ఈ మధ్యలో నేను బడికి వెళ్తున్నాను, తొమ్మిదో తరగతికి సంధులు చెప్తున్నాను, ఇంటికి వస్తున్నాను. దాహమైతే కుళాయి దగ్గర కడ్డీని ఒక ముక్క విరిచి గ్లాసులో వేసుకుంటున్నాను. కాసేపటికి కరుగుతుంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక దాలమ్మ వస్తుంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. వాళ్ళ అమ్మాయి నా దగ్గర చదువుకుంది. నెత్తి మీద సంచి దించి వరండాలో పెడుతుంది.

"ఇల్లు ఆగిపోనాదట కదా టీచరమ్మా. కెర్నెల్ మళ్ళీ కట్టాల. అందుకే ఒచ్చినాను."

"కెర్నెల్ అంటే నీకు తెలుసా దాలమ్మా?"

"ఓలమ్మ! పలాసలో పుట్టి కెర్నెల్ తెలీదా? ముప్పై ఏళ్ళబట్టి ఒలస్తన్నాను."

ఆమె అన్నది తప్పు కాదు. మా ఊళ్ళో కెర్నెల్ అంటే జీడిపప్పే. ఎగుమతి డబ్బాల మీద ఆ మాటే ఉంటుంది. లోకనాథానికి కెర్నెల్ పని దొరికిందని తెలిసినప్పుడు వీధివీధంతా నవ్వింది. పప్పు ఒలవడానికి ఇంజనీరు చదువెందుకన్నారు. కంప్యూటరు లోపల కంటికి కనబడకుండా అన్నిటినీ నడిపించే గింజ లాంటిది ఒకటుంటుందని, అది కట్టేముందు వేల ప్రశ్నలకు జవాబులు చెప్పాలని వాడు అందరికీ ఓపిగ్గా చెప్పేవాడు. ప్రతి ప్రశ్నకూ మూడే జవాబులు. వై అంటే ఔను. ఎమ్ అంటే విడిగా ఉంచి, కావలసినప్పుడు తగిలించుకోవడం. ఎన్ అంటే ఏమిటో వాడు నన్నే అడిగాడు.

దాలమ్మ చేతులకు ఆముదం, బూడిద పట్టించుకుని కూర్చుంటుంది. జీడి అంటితే చర్మం ఊడుతుంది.

"ఇయ్యన్నీ తప్పు ఎతికే పిక్కలమ్మా. మిగతా సంచులు అయిపోనాయి. నాను కొడతాను, మీరు సదివి జవాబు సెప్పండి. అయిదుకి ఫ్యాక్టరీ కూత ఏసీలోపల అయిపోవాల. నేకపోతే ఇల్లు ఇలాగే ఉండిపోద్ది."

"లేకపోతే," అంటాను. అలవాటు.

"అదే, నేకపోతే."

"ఆదివారం ఫ్యాక్టరీ ఉండదు కదా?"

"ఫ్యాక్టరీ నేదు. కూత ఉంది."

మొదటి పిక్క పగులుతుంది. లోపల పప్పు లేదు, మడిచిన కాగితం ఉంది. లోకనాథం దస్తూరీ. వాడు గుడి ఇచ్చిన చోట ఎప్పుడూ అక్షరానికి టోపీ పెట్టినట్టు ఉంటుంది.

'ప్రతి మాటకు ముందు సమయం చూపాలా? పొరపాటు ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. అనుమానంగా ఉంటే ఎన్ అనండి.'

ఔనంటాను. దాలమ్మ కాగితం మీద బూడిద వేలితో ముద్ర వేస్తుంది.

"అరవై మూడు కోట్ల పన్నెండు లక్షల నాలుగు," అంటుంది. "మంచినీళ్ళు ఇయ్యండమ్మా."

ఇల్లు కట్టినప్పటి నుంచి గడిచిన సెకన్లవి. నీళ్ళు విరిచి తెస్తాను. వంటింటికి వెళ్ళడానికి ఎనిమిది అడుగులు పట్టేవి, ఇప్పుడు ఇరవై పడుతున్నాయి.

"ఒక్కో ఔనుకీ ఇల్లు సాగుద్ది. బరువెక్కుద్ది. సూసుకు సెప్పండి," అంటుంది, అంకె చెప్పాక.

రెండో పిక్క: 'నూట ఇరవై సెకన్లకు మించి కదలకుండా ఉన్నవాళ్ళ పేరు పిలవాలా?' ఔనంటాను. అటక మీంచి ఒక గొంతు వినిపిస్తుంది. హాజరు పిలిచే గొంతు, కోపమూ లేదు, ప్రేమా లేదు. "దమయంతి. నూట ఇరవై సెకన్లు." చెయ్యి కదిలిస్తే ఊరుకుంటుంది. మళ్ళీ కాసేపటికి, "దమయంతి." బడిలో నేను టీచర్‌ని, వీధిలో టీచరమ్మని. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. లోకం అక్కా అనేవాడు. ఒకటి రెండు సార్లు కావాలనే కదలకుండా కూర్చుంటాను.

ఇంట్లో వాడిని మేము లోకం అనేవాళ్ళం.

మూడోది: 'ఖాళీ అయిన చోట్లను ఒక గుర్తుతో నింపాలా? అక్కడ ఇంకా ఎవరో ఉన్నారనుకుని ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉంటారు.' ఔనంటాను. వాడి స్టీలు గ్లాసు బండి ఱలతో నిండుతుంది. చిలక్కొయ్యకున్న గళ్ళ చొక్కా లోపల కూడా ఱలే, చేతుల చివరి దాకా, బిగుతుగా. అక్షరమాలలో ఉండి ఇప్పుడెవరూ వాడని అక్షరం. ఎంపిక సరిగానే ఉంది. ఈ ఇరవై రోజుల్లో నేను రెండు గ్లాసులు కడిగిన పూటలు పదకొండు. ఇక అలా జరగదు.

వాడి గొంతు ఉన్న పిక్కకు ఎమ్ అంటాను. దాలమ్మ దాన్ని నా కొంగుకు ముడి వేస్తుంది.

"కావలసినప్పుడు తగిలించుకుందురు గానీ," అంటుంది. "ఇప్పుడు మాత్రం ఇప్పకండి. మీరు ఆగలేరు."

సంచి సగం అవుతుంది. వంటిల్లు కనబడనంత దూరం వెళ్ళిపోయింది. అటక గొంతు చాలా పై నుంచి వస్తోంది, నా పేరు నా దగ్గరకు చేరేసరికి చివరి అక్షరం మిగులుతోంది. "ఇంక ఎన్‌లు సెప్పండమ్మా," అని దాలమ్మ బతిమాలుతుంది. ఇరవై రెండు పిక్కలకు ఎన్ అంటాను. ఆమె వాటి మీద ముద్ర వేయకుండా పక్కన పెడుతుంది. ఎందుకని అడిగితే, "అయ్యి నిలవటం నేదు," అంటుంది.

అప్పుడు నేను ఎదురుచూస్తున్న పిక్క వస్తుంది.

'పడిపోయినప్పుడు, ఎవరు ఎవరిని పిలిస్తే అంతదాకా వచ్చిందో వరుస చూపాలా?'

వాడు పోవడానికి మూడు రోజుల ముందు, శనివారం సంగతి చెప్పాలి. ఆ సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. కెర్నెల్ ప్రశ్నలన్నిటినీ కొన్ని నెలలుగా తెలుగులోకి రాస్తున్నాడు. "అక్కా, ఎన్‌కి ఏ మాట పెట్టాలి? లేదా, కాదా, వద్దా?" అన్నాడు. మూడూ వేరు అన్నాను. వస్తువు లేకపోతే లేదు, సంగతి అలా కాకపోతే కాదు, అక్కరలేకపోతే వద్దు. "గడి ఒక్కటేనే అక్కా. ఒక్క మాటే పడుతుంది." ఆలోచించి చెప్తానన్నాను. నా ముందు నలభై జవాబు పత్రాలున్నాయి. వాడి గొంతు అలసటగా ఉంది, ఎందుకని అడగలేదు. "రేపు పొద్దున్న బండికి రానా?" అన్నాడు. రమ్మనాలా, ఈ పత్రాలు తేల్చుకోవాలా, నాకు తెలియలేదు.

"వద్దులే," అన్నాను.

మంగళవారం నాటికి వాడి గుండె ఆగింది. ఆ గదిలో ఇంకెవరూ లేరు. ఇక్కడికి వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను తెలుసుకోవాలి. ఈ సంచిలో నాకు కావలసింది అదొక్కటే.

ఔనంటాను.

వరండా గోడ నల్లబల్ల అవుతుంది. సుద్దముక్క రాత కింది నుంచి పైకి ఒక్కో వరుసా పుడుతుంది.

పాలను ఫోను పిలిచింది.

ఫోనును గది యజమాని పిలిచాడు.

గది యజమానిని పట్టపగలు తలుపు కింద వెలుగుతున్న దీపం పిలిచింది.

దీపాన్ని లోకనాథం పిలిచాడు.

? లోకనాథాన్ని అక్క 'వద్దులే' పిలిచింది.

దాలమ్మకు చదువు రాదు గానీ ఆ గుర్తు కంటపడుతుంది. "ఆ కొక్కేమేటమ్మా ముందు?"

"ప్రశ్న గుర్తు."

అలాంటి వరుసకు ముందు ఎందుకు వస్తుందో కాగితం వెనక రాసి ఉంది. చదువుతాను. 'ఈ గుర్తున్న మాట ఆ దారిలో పడి ఉంది. అది పిలిచిందో, ఊరికే పడి ఉందో చెప్పలేం. నమ్మకండి. కొట్టెయ్యకండి.'

"అంటే మీ తప్పా కాదా?"

"తెలియదట."

"ఇంత ఇల్లు సాగదీసి అదేనా సెప్పింది?" దాలమ్మ నోరు నొక్కుకుంటుంది.

డస్టరు తెచ్చి తుడుస్తాను. గోడ తుడిచిపెట్టుకుపోతుంది, దాని వెనక వీధి కనబడుతుంది. వరుసలు గాలిలో అలాగే ఉన్నాయి. ప్రశ్న గుర్తు కొద్దిగా ఊగుతోంది.

అయిదుకు పది నిమిషాలుంది. సంచిలో ఒక్క పిక్క మిగిలింది. చిన్నది, తాలు పిక్క. దాలమ్మ దాన్ని కొట్టి నా చేతిలో పెడుతుంది. లోపలి కాగితం మీద ఒక ఖాళీ గడి, దాని పక్కన, 'అక్కా, ఎన్‌కి మాట?'

అందుకే ఇరవై రెండు జవాబులూ నిలవలేదు. వాటికి మాట లేదు.

ఎర్రసిరా పెన్ను మూత తీస్తాను. వద్దు రాయలేను. కాదు రాస్తే వాడు ఇంకొకడైపోతాడు. లేదు అని రాయబోతే పెన్ను గడి అంచు దగ్గర జారిపోతుంది, ఆ మాట అందులో పట్టడం లేదు.

దాలమ్మ నా భుజం మీంచి డొల్లలోకి తొంగిచూస్తుంది.

"పప్పు నేదు," అంటుంది.

"లేదు అనాలి," అని ఆగిపోతాను.

"మా కాడ అన్నిటికీ అదేనమ్మా. పప్పు నేదు. పని నేదు." పిక్కల తొక్కలు సంచిలోకి ఎత్తుకుంటూ, నా వైపు చూడకుండా, "మడిసి నేదు."

ఏడేళ్ళప్పుడు లోకం అలాగే అనేవాడు. పలక నేదక్కా, బలపం నేదక్కా. అప్పుడు నాకు పద్నాలుగు. స్కేలుతో అరచేతి మీద కొట్టి, నాలుక పైకి పెట్టి, లే, దు అని చెప్పించాను. మూడు రోజుల్లో నేర్చుకున్నాడు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళలో వాడి నోట నేదు అన్న మాట మళ్ళీ రాలేదు. ఎన్ ఎక్కడ మొదలవుతుందో ఆ మాటా అక్కడే మొదలవుతుంది. వాడు నన్ను అడిగింది, నేను వాడి దగ్గర లాక్కున్నదే.

కాగితం మీద గడి ఆ మాట కొలతకు సర్దుకుని సిద్ధంగా ఉంది.

అయిదవుతుంది. కూత మొదలవుతుంది, ఆగదు. నా తల మీద ఇల్లు ముందు పసుపుగా, తరవాత ఎర్రగా పండుతుంది. జీడిమామిడి పండు వాసన. గోడలు మెత్తబడి రసం కారుతున్నాయి. జీడిమామిడికి గింజ పండు లోపల ఉండదు, బయట వేలాడుతుంది. వరండా ఇంటి నుంచి ఊడి కిందికి జారి, తొడిమకు అంటుకున్నట్టు ఇంటి అడుగున వేలాడుతుంది. దానిలో నేను, గాలిలో అయిదు సుద్ద వరుసలు. దాలమ్మ సంచి నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నడిచి వెళ్తోంది, ప్రతి అడుక్కీ ఒక అంకె చెప్తూ.

నా కాళ్ళ కింద స్టేషను. ఆదివారం పొద్దున్న రావలసిన బండి ఒకటో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ప్రతి కిటికీలోనూ ఒక గళ్ళ చొక్కా కూర్చుంది, నిండా ఱలతో. ఎవరూ దిగడం లేదు. చొక్కాలన్నీ మెడలెత్తి నా చేతిలోని పెన్ను వైపు చూస్తున్నాయి.

పై నుంచి ఎవరో నా పేరు పిలుస్తున్నారు. నూట ఇరవై సెకన్లు.

మాట తెలిసింది. ఇంకా రాయలేదు.