చుక్క మీద చుక్క

సంచి సర్దాలంటే ఆమెకు గుండెల్లో రాయి పడ్డట్టే. టార్చి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. స్వెట్టర్లు రెండూ మడిచి అడుగున దోపింది. నీళ్ళ సీసాల మూతలు బిగించి, తలకిందులు చేసి చూసింది. ఒక్క పూట కొండెక్కి దిగడానికి ఇంత హడావిడేమిటని బావ నవ్వాడు. మేనమామ కొడుకే మొగుడయ్యాడు గనక, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ పిలుపు మారలేదు.

“కొండమీదికి కాపురానికి పోతున్నామా మరదలా?” అంటూ టార్చి తీసి బల్లమీద పెట్టేశాడు. ఫోన్లో లైటుంది, దారి ఉంది, ఇంకేం కావాలన్నాడు.

అతనిది ఇంటింటికీ పార్సిళ్ళు అందించే పని. ఊళ్ళో అతను తిరగని సందు లేదు, పేరు తెలిసిన సందూ లేదు. ఫోన్ ఎటు చూపితే అటు బండి తిప్పేవాడు. తోటివాళ్ళు ముక్కుసూటి అని పిలిచేవారు. ఎవరైనా ఇంటి గుర్తులు చెప్పబోతే మధ్యలోనే ఆపేసి, మీరున్న చోటు ఫోన్లో పంపి కదలకుండా ఉండండి, నేనే వస్తాననేవాడు. అలాగే వెళ్ళేవాడు కూడా. ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోని చెయ్యి. కానీ దారుల విషయంలో మాత్రం మొగుడు ఎటంటే అటే.

కొండ మొదట్లో రాళ్ళమీద దారి పొడవునా తెల్లరంగు గుర్తులున్నాయి. సగం ఎక్కాక ఆ గుర్తులు చుట్టు తిరిగిపోయాయి. ఫోన్లోని నీలిగీత నిటారుగా పైకి పోయింది. ఇద్దరూ గీత వెంటే పోయారు.

మధ్యాహ్నం దాటాక పొగమంచు కమ్మింది. చెయ్యి చాపితే తన వేళ్ళే తనకు మసగ్గా ఉన్నాయి. ఫోన్లో గీత ఉంది, కాళ్ళ కింద దారి లేదు. అటు నాలుగడుగులు వేస్తే బాణం ఇటు తిరుగుతోంది, ఇటు వేస్తే అటు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తుడిచినా అదే తెలుపు. తాము ఎటునుంచి ఎక్కి వచ్చారో కూడా ఆమెకు తెలియలేదు.

చీకటి పడేలోగా ఇద్దరం కలిసి దిగిపోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

బావ తన పనిలోని ఉపాయమే వాడాడు. ఆమెను ఒక బండ మీద కూర్చోబెట్టి, ఆమె ఉన్న చోటు తన ఫోన్లోకి పంపించుకున్నాడు, తనది ఆమెకు పంపాడు. తెల్లగుర్తులు వెతికి, ఫోన్లో కనబడే ఆమె చుక్క దగ్గరికే తిరిగొస్తానన్నాడు.

“నువ్వు కదిలావంటే నాకు తంటా. కూర్చో. పార్సిలు గుమ్మం ముందుకే వస్తుంది.”

తెరమీద అతని చుక్క దూరం పోయింది, ఆగింది, పక్కకు జరిగింది. సిగ్నల్ పోయినప్పుడల్లా ఆమె ఫోన్ పైకెత్తి పట్టుకుంది. చివరికి ఆ చుక్క దగ్గరవుతూ వచ్చి, సరిగ్గా ఆమె చుక్క మీద వాలింది. ప్రాణం లేచొచ్చి తలెత్తింది. ఎవరూ లేరు. లేచి చుట్టూ తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఫోన్ మోగింది.

“ఏమే, చెప్పకుండా ఎటు పోయావు?”

“ఎటూ పోలేదు బావా. బండ మీదే ఉన్నా.”

“నీ చుక్క మీదే నిలబడ్డాను. నువ్వు లేవుగా.”

“దాని మీద నేను కూర్చునున్నా. నువ్వే లేవు.”

ఇద్దరం దయ్యాలమయ్యామా ఏమిటని అతను నవ్వాడు. ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ఆ నవ్వు ఫోన్లోంచే కాక, పాదాల కిందినుంచి కూడా వినిపించింది.

నేలమీద చేతులు ఆనించి ముందుకు పాకింది. బండ అక్కడితో నిట్టనిలువుగా తెగి ఉంది. అంచు అవతల తెలుపు తప్ప మరేమీ లేదు.

“బావా, నువ్వు కిందున్నావు. నేను పైనున్నా.”

“అదా సంగతి. మేడల దగ్గరా నాకిదే గొడవ, ఏ అంతస్తో చుక్క చెప్పి చావదు. ఉండు, ఎక్కొస్తున్నా.”

“వద్దు. చుట్టు తిరిగి రా.”

“తిరిగితే మళ్ళీ నిన్ను పోగొట్టుకుంటా. పట్టు దొరుకుతోందిలే.”

ఫోన్ కట్టేసి జేబులో వేసుకున్నాడు కాబోలు, మాట ఆగింది. రాతిమీద బూట్లు గీసుకోవడం వినిపించింది. గులకరాళ్ళు రాలాయి. తర్వాత ఏదో బరువుగా జారిన చప్పుడు. అది మనిషిదో, రాయిదో ఆమె తేల్చుకోలేకపోయింది. పిలిచింది. ఫోన్ చేసింది. కింద గంట మోగి మోగి ఆగింది. అలిసి కూర్చున్నాడేమో అనుకుంది. చుట్టు తిరిగి వస్తున్నాడేమో అనుకుంది. కానీ తెరమీద అతను ఎక్కడికీ పోలేదు, తన మీదే ఉన్నాడు. కదలొద్దన్నాడని ఆమె కదల్లేదు. తెర ఆరిపోయేదాకా ఆ రెండు చుక్కలూ ఒకే చోట ఉన్నాయి.

వాళ్ళు ఇల్లు చేరలేదని అత్త పోలీసులకు చెబితే, పొద్దున్నే వెతికేవాళ్ళు వచ్చారు. మీ ఆయన ఎక్కడని అడిగారు. ఆరిపోయిన ఫోన్ చూపించి, ఇక్కడే, నా పక్కనే ఉన్నాడని చెప్పింది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందులో ఒకాయన అంచు దాకా వెళ్ళి కిందికి వంగి చూసి, ఆమెను వెనక్కి తీసుకుపొమ్మని మెల్లగా చెప్పాడు.

ఆ కొండకు వెళ్ళింది ఇద్దరు. మరదలు మర్నాడు సాయంత్రం ఇల్లు చేరింది. బావ తిరిగి రాలేదు. వాళ్ళు కొండెక్కింది వానలు తగ్గి చలి మొదలైన నెల, రెండో ఆదివారం.