గేటు వదిన

పాత కారుకి ఇంట్లోనే సొట్టలు సరిచేసి రంగుకి సిద్ధం చెయ్యాలన్న ఆలోచన ఆయనది. రెండు రోజులు వీడియోలు చూశాడు. మూడో రోజు గీకడానికి ఎమ్రీ కాగితాలూ, సొట్టలు పూడ్చే పుట్టీ డబ్బా, ప్రైమరూ తెచ్చి వాకిట్లో దుకాణం పెట్టాడు. నాలుగో రోజు గంటసేపు గీకి, నడుం పట్టేసిందంటూ లోపలికెళ్ళి పడుకున్నాడు. ఆయన మొదలుపెట్టినవి పూర్తిచేసే పని ఆ ఇంట్లో ఎవరిదో సగం రంగేసి వదిలేసిన కిటికీకి కూడా తెలుసు. అయినా ఈసారి పడుకున్న చోటినుంచే భార్య మీదికి ఒక మాట విసిరాడు.

"నువ్వు చేసిన గాయమేగా. నువ్వే మాన్పు."

ఆమె నవ్వింది. ఆ మాటకి నవ్వడం పద్నాలుగేళ్ళుగా అలవాటు.

పద్నాలుగేళ్ళ కిందట, డ్రైవింగ్ నేర్చుకున్న కొత్తలో, కారు వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి తగిలించింది. టప్పుమని చిన్న చప్పుడు, అంతే. దిగి చూసేసరికి వెనక చక్రం మీది రేకు దగ్గర పెచ్చులు రాలి ఉన్నాయి. ఆ సాయంత్రానికి ఆయన ఇంటా బయటా అందరికీ చెప్పేశాడు. ఆడపడుచు ఆమెకి "గేటు వదిన" అని పేరు పెట్టింది. ఆవిడ పిల్లలు "గేటత్త" అన్నారు. అప్పుడు తీసిన చెయ్యి మళ్ళీ స్టీరింగ్ మీద పెట్టలేదు. కుట్టుపని చేసే దుకాణానికి రెండు బస్సులు మారి వెళ్ళింది, వానలో తడిసింది, జ్వరం పిల్లని భుజానేసుకుని ఆటోల కోసం రోడ్డు మీద నిలబడింది. ఎవరింట్లో పదిమంది చేరినా ఆ గేటు కథ ఆమే చెప్పేది, అభినయాలతో సహా. ఎలాగూ నవ్వుతారు, మనమే నవ్విస్తే కాస్త మర్యాదగా ఉంటుందని ఆమె లెక్క.

కూతురు డిగ్రీ అయిపోయి, ఊరి చివర ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుని, "నేనూ కారు నేర్చుకుంటానమ్మా" అన్నప్పుడు కూడా, ఆయన నోరు తెరిచేలోపే ఆమె అనేసింది: "వద్దులే. నీది నా పోలికే. గేట్లు మిగలవు." ఆయన పకపకా నవ్వాడు. పిల్ల కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఇది జరిగి ఇంకా నెల కాలేదు.

రంగు కొట్టే షెడ్డులో పెయింటరు ముసలాయన ముందే చెప్పాడు. "రంగు నేను కొడతానమ్మా, గీకుడు మాత్రం మీరు చూసుకోండి. కళ్ళతో చూడకండి, కళ్ళు మోసం చేస్తాయి. కళ్ళు మూసుకుని అరచేత్తో తడమండి." ఆ మాట ఆమెకి వెంటనే అర్థమైంది. గుడ్డ ముడతపడిందో లేదో ఆమె ఎప్పుడూ అరచేత్తోనే చూస్తుంది. పనిచోట ఆ చేతి మీద నమ్మకంతోనే ఖరీదైన బట్టలన్నీ ఆమె బల్ల మీద పెడతారు. జీతం పెంచే విషయం వచ్చినప్పుడు మాత్రం ఆ చెయ్యి యజమానికి గుర్తుండదు, అది వేరే సంగతి.

సెలవు రోజు మధ్యాహ్నం గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, మూతికి గుడ్డ కట్టుకుని కారు పక్కన పీట వేసుకుంది. ఎనభై నంబరు ఎమ్రీ కాగితం చెక్కముక్కకి చుట్టి గీకడం మొదలుపెట్టింది. నీలం రంగు పోయింది. దాని కింద ఆనాడు ఆమె తప్పుకి పూసిన బూడిదరంగు పుట్టీ తేలింది. అదీ అరిగింది. ఇక రేకు రావాలి.

రేకు రాలేదు. మళ్ళీ నీలం వచ్చింది.

మసక పడిందేమోనని తడిగుడ్డతో తుడిచింది. నీలమే. సన్నటి గీతలా, పుట్టీ చుట్టూ. ఆ నీలాన్ని కూడా గీకింది. కింద ఇంకో పుట్టీ, ఇటుకరంగులో, మందంగా. దాని కింద ఎక్కడో లోపల, ఆమె చిటికెనవేలు దిగేంత లోతుగా నొక్కుకుపోయిన రేకు.

ఆమె కళ్ళు మూసుకుని అరచెయ్యి పెట్టింది. పైన తన దెబ్బ ఉన్నచోట లోతు వేలికి తగిలీ తగలనంత. కింద ఉన్నది గట్టి దెబ్బ. ఆ దెబ్బకి పుట్టీ పెట్టి, రంగు వేసి, ఆరిన తరవాతే ఆమె గేటుకి తగిలించింది. ఆనాడు రాలింది పాత పుట్టీ పెచ్చులు. కారు కొన్నది కొత్తది. ఆమె స్టీరింగ్ పట్టుకోకముందు రెండేళ్ళు దాన్ని నడిపింది ఇంట్లో ఒకే ఒక్కరు.

అప్పుడు గుర్తొచ్చింది చీపురు.

ఇంట్లో చీపురు ఏ మూల ఉంటుందో తెలియని మనిషి, ఆ రోజు పరుగున వెళ్ళి చీపురు తెచ్చాడు. ఆమెని లోపలికి వెళ్ళమన్నాడు. గేటు దగ్గర రాలిన పెచ్చులన్నీ ఒక్కటి మిగలకుండా తనే ఊడ్చాడు, అప్పటికప్పుడు కారు తీసుకెళ్ళి మర్నాడు నున్నగా చేయించి తెచ్చాడు. ఎంత ప్రేమ, ఒక్క మాట తిట్టలేదు అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. ఆ దయకి పద్నాలుగేళ్ళు తల వంచుకుని తిరిగింది.

కోపం వస్తుందనుకుంది. వచ్చింది సిగ్గు. చెవులు వేడెక్కేంత సిగ్గు. ఆయన తన దెబ్బని ఆమె మీదికి నెట్టి ఒకసారి అబద్ధం చెప్పి ఊరుకున్నాడు. దాన్ని వందసార్లు ఊరంతా ప్రదర్శించింది తను. ఇప్పుడిది బయటపెడితే ఏమంటారు? ఇంత తెలివితక్కువదానివా అంటారు. అనరా మరి? గేటు వదిన పేరే నయమనిపించింది. గబగబా పలక మీద పుట్టీ వేసి గట్టిపరిచే మందు కలిపింది. కలిపాక ఐదు నిమిషాలే టైము. ఈలోపు పూసేస్తే రెండు పుట్టీలూ ఆ నీలం గీతా ఎవరికీ కనబడవు.

కూతురు నీళ్ళ మగ్గు తెచ్చి, పక్కనే నిలబడి ఆ రంగుల వలయాల వైపు చూస్తోంది. సరిగ్గా అప్పుడే గేటు తోసుకుని ఆడపడుచు వచ్చింది.

"ఏం గేటు వదినా! నీ ఘనకార్యం నువ్వే సర్దుకుంటున్నావా?"

గొంతు విని ఆయన కూడా బయటికొచ్చాడు, నడుం నొప్పి మరిచిపోయి. "చెప్పవోయ్, ఆ కథ. విని చాలా రోజులైంది."

ఆమె నోరు తనంతట తానే మొదలుపెట్టింది. "ఏముంది, ఎడంవైపు తిప్పమంటే కుడివైపు తిప్పాను..." ఆడపడుచు అప్పుడే నవ్వేస్తోంది. "టప్పుమంది. దిగి చూస్తే పెచ్చులు. ఈయన పరుగున చీపురు తెచ్చి..."

అక్కడ ఆగిపోయింది.

"పుట్టీ గట్టిపడిపోతోంది, ముందు పూయి," అన్నాడు ఆయన. ఆయన చూపు ఆ నీలం గీత మీద పడింది.

"పడనివ్వండి," అంది ఆమె. "ఆ రోజు చీపురు మీరెందుకు తెచ్చారు?"

"ఏ చీపురు? ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు?"

"నా దెబ్బ కింద ఇంకో దెబ్బుంది. దానికీ పుట్టీ పెట్టి రంగేశారు. నేను కారు ముట్టుకోకముందే."

ఆడపడుచు వంగి చూసింది. పెయింటరు భాష ఆమెకి తెలియదు గాని అన్నయ్య మొహం చదవడం చిన్నప్పటినుంచీ తెలుసు. "అంటే... నువ్వా అన్నయ్యా?" అంది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, మోగని ఫోన్ చెవికి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. "టీ పెడతాను వదినా" అంటూ ఆడపడుచూ వెళ్ళింది. ఆ ఇంటికొచ్చి ఆవిడ టీ పెట్టడం అదే మొదలు.

కూతురు కదల్లేదు. "నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"ఇందాకే."

"మరి పూసెయ్యబోయావేం?"

ఆయన్ని అడిగిన ప్రశ్నకన్నా ఇది కష్టంగా ఉంది. ఆమె పలక మీదికి చూసింది. పుట్టీ రాయిలా బిగుసుకుపోయింది.

"సిగ్గేసింది తల్లీ," అంది చివరికి. "ఇన్నేళ్ళు నన్ను చూసి అందరూ నవ్వేలా నేనే చేశాను. అది చాలక నీకూ అంటగట్టాను. నీ చేతికేం లోటు లేదు. నా చేతికీ లేదు. నీకు వద్దని చెప్పింది నేనే, తప్పు నాది."

పిల్ల క్షమించానని అనలేదు. పీట పక్కన కూర్చుని, ఆమె చేతికంటిన పొడిని తన చున్నీతో తుడవడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది ఆమెకి. లాక్కోలేదు.

తుడవడం అయ్యాక ఆమే అంది: "ఇవాళ దీనికి ప్రైమర్ మాత్రం కొడదాం, తుప్పు పట్టకుండా. రంగు తరవాత చూద్దాం. రేపు పొద్దున కారు తాళం నువ్వు తీసుకో, నేను పక్కన కూర్చుంటాను."

"నాన్న ఏమంటారో?"

"ఏమీ అనరు," అంది ఆమె. లోపలికి వినబడేలా గొంతు పెంచింది. "గేటు తీసేది మీ నాన్నే."