వెనక గది మీద ఫిర్యాదు

ఉత్తరాలు చదివి చదివి కోడలికి మనుషుల కోపాన్ని తూకం వేయడం వచ్చేసింది. ఇస్త్రీపెట్టెలూ కెటిల్సూ అమ్మే కంపెనీలో ఫిర్యాదుల విభాగం ఆమెది. "చాలా ఇబ్బంది పడ్డాం" అని రాసినవాళ్లకు ముందే అచ్చేసి పెట్టిన క్షమాపణ వెళ్తుంది. "ప్రమాదం" అన్న మాట కనిపిస్తే మాత్రం ఆ కాగితం అప్పటికప్పుడు మేనేజరు బల్ల మీదకు చేరాలి, ఆ వస్తువును మర్నాటికల్లా వెనక్కి తెప్పించాలి. కాబట్టి సొంత ఇంటి సంగతి ఉత్తరంగా రాయాల్సి వచ్చేసరికి, తనంత బాగా రాసేవాళ్లు ఊళ్లో లేరనుకుంది. తప్పేం లేదు, ఆ మాత్రం పొగరు లేకపోతే ఉత్తరం నిలబడదు.

సంగతల్లా వెనక గది గోడది. పైవాళ్ల స్నానాల గదిలో గొట్టం ఎక్కడో పగిలి ఏడాదిగా నీరు దిగుతోంది. గోడంతా నల్లగా బూజు పట్టి, సున్నం పెచ్చులుగా రాలుతోంది. ఆ గదిలో పడుకునేది అత్తగారు. ఆవిడకు ఉబ్బసం. దగ్గు వస్తే దిండులో మొహం దాచుకుని దగ్గుతుంది. ఎందుకంటే కాగితాల ప్రకారం ఆవిడ ఆ ఇంట్లో లేదు.

అద్దె ఒప్పందంలో ఉన్నది మొగుడూ పెళ్లాం ఇద్దరే. మూడో మనిషి కనిపిస్తే ఒప్పందం రద్దు. తానుండే ఇల్లు కూల్చేశాక అత్తగారు కొడుకు దగ్గర కాక ఇంకెక్కడ చేరుతుంది? పోనీ ముందు గదిలో పడుకోబెడదామంటే, తలుపు తీయగానే ఎదురుగా వాచ్‌మన్ కుర్చీ. వాడు జీతం తీసుకునేది ఓనరు తరఫున ఇల్లు చూసుకునే ఏజెంటు దగ్గర. వాడు టీకి లేచినప్పుడే అత్తగారి షికారు.

ఏజెంటుకు రాసిన ఉత్తరం మొదటి ప్రతి చదివి మొగుడు తల పట్టుకున్నాడు. అతను లిఫ్టు మెకానిక్. రోజంతా మధ్యలో ఇరుక్కున్నవాళ్లను బయటికి లాగడమే పని.

"మా అమ్మ సంగతి రాశావేంటే?"

"రాయకపోతే ఎవరు పట్టించుకుంటారు ఈ గోడని?"

"రాస్తే మనం రోడ్డున పడతాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి కోడలు ఉత్తరంలో అత్తగారిని కొట్టేసి, ఆ చోట తనను పెట్టుకుంది. 'తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. తొమ్మిదిసార్లూ చూస్తామన్నారు. మీ చూపు ఇంకా మా గోడ దాకా రాలేదు. ఆ గదిలో పడుకోవడం వల్ల నాకు ఊపిరాడటం లేదు. ఇది ఆరోగ్యానికి తక్షణ ప్రమాదం. వారంలోగా తగిన చర్య తీసుకోకపోతే మీ పైవాళ్లకు, వాళ్ల పైవాళ్లకు కూడా రాస్తాను.'

చదివి వినిపిస్తే అత్తగారు నవ్వింది. "బాగుందమ్మాయ్. నా దగ్గు కూడా నీ పేరున రాసేసుకున్నావు."

నవ్వుతూ అన్న మాటే గానీ కోడలికి చురుక్కుమంది. కవరు అంటించింది.

ఏజెంటు శుక్రవారం పదింటికి వస్తానని కబురు పెట్టి, ఎనిమిదిన్నరకే తలుపు కొట్టాడు. మొగుడు అప్పటికే పనికి వెళ్లిపోయాడు. వాచ్‌మన్ కుర్చీలోనే ఉన్నాడు. దారి లేక అత్తగారు వెనక గదిలో బీరువాకూ గోడకూ మధ్య సందులోకి దూరింది.

ఏజెంటు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గడప దాటకుండానే గోడంతా పరిశీలించాడు. గోడలు చూడటమే ఉద్యోగమైన మనిషికి గోడ దగ్గరికి వెళ్లడం నామోషీ కాబోలు.

"మేడమ్, మీరు రాసింది అక్షరాలా నిజం. ఇది ప్రమాదమే."

కోడలి మనసు ఎగిరి గంతేసింది. ఏడాది గోడు ఒక్క మాటతో తీరిపోయిందనుకుంది. ఆయన గది తలుపు లాగి, గడియ పెట్టి, సంచిలోంచి తాళం తీశాడు.

"అదేంటి సార్? మరమ్మతు చెయ్యరా?"

"గొట్టం పైవాళ్లది, వాళ్ల ఓనరు వేరు. అది తేలేసరికి ఏడాది పట్టొచ్చు. ప్రమాదమని మీరే రాశారు కదా, అందాకా ఈ గదిలోకి ఎవరూ వెళ్లకుండా చూడటమే తగిన చర్య. మీరుండేది ఇద్దరే, ముందు గది చాల్దూ?"

తాళం పడింది. తలుపు మీద 'ప్రవేశం లేదు' అని కాగితం అంటింది. అప్పుడు వెలిగింది కోడలికి. తన ఆఫీసులోనూ అంతే. ప్రమాదమని రాసినవాళ్ల కెటిల్ ఎవరూ బాగు చెయ్యరు, తీసుకుపోతారు. గోడ బాగు చెయ్యమని ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు తను. తన తెలివి మండా! ఇంతకంటే రాయడం రాని మనిషి రాసినా నయమయ్యేది.

ఏజెంటు తాళంచెవి జేబులో వేసుకుని, సంచి భుజాన తగిలించుకున్నాడు. నోరు మూసుకుంటే ఆయన వెళ్లిపోతాడు. సాయంత్రం మొగుడు వచ్చి తాళం బద్దలు కొడతాడు. సాయంత్రం దాకా పది గంటలు. ఆ గదికున్న ఒక్క కిటికీ చెమ్మకు ఉబ్బి ఏనాడో బిగుసుకుపోయింది. లోపలి నుంచి చిన్న చప్పుడైనా లేదు.

"తాళం తియ్యండి సార్. లోపల మా అత్తగారున్నారు."

ఏజెంటు వెనక్కి తిరిగాడు. ఆమె మొహం చూశాడు, తలుపు చూశాడు. సంచి దించి, ఒప్పందం కాగితాలూ పెన్నూ తీశాడు. తాళంచెవి మాత్రం తియ్యలేదు.

"ఎప్పట్నుంచి ఉంటున్నారు?"

"నిన్ననే వచ్చారండీ. మమ్మల్ని చూసి పోదామని. రేపు వెళ్లిపోతారు."

తలుపు అవతల ఏదో కదిలింది. చెక్కకు దగ్గరగా, ఆయాసపడుతూ, అయినా ఎక్కడా తొణక్కుండా వినిపించింది అత్తగారి గొంతు.

"నిన్న కాదు బాబూ, నాలుగేళ్లయింది. అది సరిగ్గా రాసుకుని, అప్పుడు తలుపు తియ్యి."