ఇరవై నిమిషాల వంతు

బడులు తెరిచిన మొదటి వారంలోనే ఆ కబురు తెలిసింది. మండలంలో ఉన్న ప్రత్యేక పిల్లల సెంటరుకి ఫిజియోథెరపిస్టు సత్యప్రసాద్ ఇకనుంచి మంగళవారం ఒక్కరోజే వస్తాడు. అంతకుముందు శుక్రవారం కూడా వచ్చేవాడు. పక్క మండలాల్లో చేసే ఇద్దరికీ కాంట్రాక్టు అయిపోయింది. వాళ్ళ స్థానాల్లో ఎవరినీ వెయ్యలేదు. ఆ పనంతా సత్యప్రసాద్ నెత్తిన పడింది.

"నేనొక్కణ్ణి ఎన్ని చోట్లకని తిరగనండి?" అన్నాడాయన తల్లులతో. వాళ్ళని అడిగినా లాభం లేదని ఆయనకీ తెలుసు.

సెంటరంటే హైస్కూలు ఆవరణలో చివరి గది. టీచరు శ్యామలాంబ, ఆయా చిట్టెమ్మ, నేల మీద రెండు పరుపులు, గోడ వారగా పిల్లలు పట్టుకుని నిలబడే ఇనప కడ్డీలు. వ్యాయామం కావలసిన పిల్లలు తొమ్మండుగురు. పది నుంచి ఒంటిగంట వరకూ ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలని శ్యామలాంబ వంతులు రాసి గోడకి అంటించింది.

రూబీ కొడుకు జోయెల్‌కి ఆరేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. మెడ నిలబడడానికే రెండేళ్ళు పట్టింది. రూబీ వాణ్ణి చంకనేసుకుని రెండు ఆటోలు మారి సెంటరుకి వచ్చేది. భర్త జయపాల్ రావులపాలెం అరటికాయల మార్కెట్లో గెలలు ఎత్తే పనికి తెల్లారకముందే వెళ్ళిపోతాడు. నర్సరీలో మొక్కల పని చేసే రూబీ, పిల్లాడి కోసం అది మానేసింది.

పక్క ఊరి దేవిశ్రీ స్కూటీ మీద వచ్చేది. భర్తకి నాలుగెకరాల వరి, కొబ్బరితోట ఉన్నాయి. కూతురు హన్వికకి నాలుగున్నరేళ్ళు. ఆ పిల్ల కూడా పుట్టగానే ఏడవలేదు. సెంటరులో జోయెల్ కన్నా ఏడాది వెనక చేరింది.

అయినా హన్విక నిలబడింది. కాళ్ళకి ఊతం పట్టీలున్న క్యాలిపర్ బూట్లు వేసుకుని, కడ్డీలు పట్టుకుని, పక్కకి పక్కకి నాలుగడుగులు వేసింది. ఆ రోజు చిట్టెమ్మ చప్పట్లు కొట్టింది. దేవిశ్రీ ఏడుస్తూ నవ్వింది. రూబీ కూడా నవ్వింది కానీ, ఆటో ఎక్కాక ఇంటికి చేరేవరకూ జోయెల్ కాళ్ళనే చూస్తూ కూర్చుంది.

అప్పట్నుంచి రూబీ ఫోనులో టైము చూడడం మొదలుపెట్టింది. హన్వికకి ఇరవయ్యారు నిమిషాలు. జోయెల్‌కి పద్నాలుగు. మరుసటి వారం ఇరవైనాలుగు, పదిహేను. తన పిల్లాడు ఏడవడం మొదలుపెట్టగానే సత్యప్రసాద్ డాక్టరు గారు ఆపేస్తారు. ఆ పిల్ల ఏడిస్తే మాత్రం బుజ్జగించి మళ్ళీ చేయిస్తారు.

"స్కూటీ మీద వచ్చేవాళ్ళ పిల్లలకి ఒక లెక్కా, ఆటోలో వచ్చేవాళ్ళకి ఒక లెక్కా" అంది ఇంటి దగ్గర జయపాల్‌తో.

"ఆయన అలాంటోడు కాదే. అడిగి చూడు."

"ఎప్పుడడగను? ఒకరు లేచేసరికి ఇంకొకరు పరుపు మీదుంటారు."

దేవిశ్రీ చెడ్డది కాదు. అదే రూబీకి ఇంకా కష్టంగా ఉండేది. ఇంటి దగ్గర భర్త వెదురుతో కడ్డీలు కట్టించాడని, పొద్దునా సాయంత్రం చేయిస్తున్నామని ఆమె సంబరంగా చెప్పేది. "మీరూ కట్టించుకోండి రూబీ గారూ, మా తోటలో వెదురుంది, ఇస్తాం" అనేది. ఆ వెదురు తీసుకోవడానికి రూబీకి మనసొప్పలేదు.

ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం శ్యామలాంబ ఫోను చేసింది.

"మంగళవారం సెలవొచ్చిందమ్మా. డాక్టరు గారు సోమవారమే వస్తారు. అందరికీ చెప్పేశాను. దేవిశ్రీ ఫోనే స్విచ్చాఫ్ వస్తోంది. మీ పక్క ఊరే కదా, ఒక్కమాట చెప్పెయ్యండి."

"అలాగేనండి" అంది రూబీ.

ఆ రాత్రి మర్చిపోయింది. నిజంగానే మర్చిపోయింది. ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యలో గుర్తొచ్చింది. బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడి ఫోను తీసింది. "రేపు డాక్టరు గారు వస్తారు" అని మెసేజి కొట్టింది. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల రాకపోతే ఒక ఇరవయ్యారు నిమిషాలు మిగులుతాయి. ఒక్కసారికి ఏమవుతుంది? ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది.

సోమవారం ఐదుగురే వచ్చారు. సత్యప్రసాద్ తొందరపడకుండా జోయెల్‌ని పరుపు మీద పడుకోబెట్టాడు. కాళ్ళు చాపించాడు, నడుము పట్టి కూర్చోబెట్టాడు. పావుగంట గడిచేసరికి పిల్లాడి ఒళ్ళు కర్రలా బిగుసుకుంది, ఏడుపు మొదలైంది. ఆయన ఆపేశాడు.

"టైముందండి ఇవాళ. ఇంకాస్సేపు చేయించండి" అంది రూబీ.

ఆయన ఆమె వైపు చూసి, పరుపు మీదే కూర్చున్నాడు.

"టైముంది కాబట్టే చెబుతానమ్మా. రెండేళ్ళుగా చెప్పాలనుకుంటున్నాను, తీరిగ్గా కూర్చుంటే కదా. ఇంకా చేయిస్తే వీడికి నొప్పే తప్ప లాభం లేదు. హన్విక సంగతి వేరు. ఆ పాపకి బిగుతు కాళ్ళ వరకే. జోయెల్‌కి నడుము, చేతులు, మెడ, అన్నిటిలోనూ ఉంది." ఆయన జోయెల్ మోకాలి మీద చెయ్యి వేశాడు. "వీడు సొంతంగా నడవడమ్మా. నడుస్తాడని మీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. కానీ కూర్చోగలడు. మంచి కుర్చీ ఉంటే చేతులు వాడతాడు. తన చేత్తో తను తింటాడు. మనం దాని కోసం పనిచేద్దాం."

రూబీ పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. జోయెల్ ఏడుపు ఆపి ఆమె గాజులు పట్టుకుని లాగుతున్నాడు. దేవిశ్రీ మీద కోపంతో ఎత్తుకొచ్చుకున్న నిమిషాలు ఈ మాట వినడానికే అయ్యాయని అప్పుడనిపించింది. రెండేళ్ళు రెండు ఆటోలు మారి తను వస్తున్నది ఒక దాని కోసం, ఆయన చేయిస్తున్నది ఇంకో దాని కోసం.

పదకొండున్నరకి బయట ఒక వ్యాను ఆగింది. పిల్లల కాళ్ళ బూట్లకీ, కుర్చీలకీ కొలతలు తీసేవాళ్ళు. ఏడాదికొక్కసారి వస్తారు. వాళ్ళు ఆ రోజే వస్తారని శ్యామలాంబకి కూడా అదే పొద్దున తెలిసింది. జోయెల్‌ని కుర్చీకి కొలిచారు.

"దేవిశ్రీ ఏదమ్మా? చెప్పలేదా?" శ్యామలాంబ కంగారుగా వచ్చింది. "హన్విక బూట్లు బిగుతైపోయాయి, ఈ కొలత తప్పితే మళ్ళీ వచ్చే ఏడే. నా ఫోనులో ఈ కొలతల ఆన్‌లైన్ ఎంట్రీలు నడుస్తున్నాయి, వదలడానికి లేదు. మీరొకసారి చెయ్యండి, అరగంటలో వచ్చేస్తుంది."

రూబీ ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది. నెంబరు తెర మీదే ఉంది. వేలు దాని మీద పెట్టలేదు. ఊరికే చెవికి ఆనించుకుని, ఆవరణలో ఆగిన వ్యాను వంక చూస్తూ నిలబడింది. నా పిల్లాడు నడవడు. ఆ పిల్ల మాత్రం ఎందుకు నడవాలి? ఆ మాట తన లోపలే అంత స్పష్టంగా వినపడేసరికి ఆమెకే భయం వేసింది. అయినా వేలు కదలలేదు.

"ఎత్తట్లేదండి" అంది లోపలికొచ్చి.

బుధవారం దేవిశ్రీయే ఫోను చేసింది. "మొన్న డాక్టరు గారు వచ్చారంట కదండీ? కొలతలు కూడా తీశారంట?"

"చేశానండి. కలవలేదు."

"మా ఫోనే పాడైంది లెండి, శనివారమంతా రిపేరుకిచ్చాం. సోమవారం బాగానే పనిచేసింది మరి" అంది దేవిశ్రీ ఆలోచనగా. అంతకుమించి అడగలేదు.

సెప్టెంబరుకి హన్విక మడమల మీద పుళ్ళు పడ్డాయి. పాత బూట్లు తీసెయ్యమన్నాడు సత్యప్రసాద్. బూట్లు లేకుండా నిలబెడితే పాదాలు లోపలికి మెలిపడుతున్నాయి. దసరా వెళ్ళేసరికి ఆ పిల్ల మళ్ళీ నేల మీద పాకుతోంది. కడ్డీల దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, పట్టుకుని లేవబోయి, కూలబడి ఏడ్చేది.

మొదటిసారి అది చూసినప్పుడు రూబీకి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ సంగతి తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయింది, జయపాల్‌కి కూడా. ఆ చల్లదనం వారం కూడా నిలవలేదు. మంగళవారాలు రావడమంటేనే భయం పట్టుకుంది.

నవంబరులో జోయెల్ కుర్చీ వచ్చింది. నడుముకి పట్టీ, తల పక్కన మెత్తలు, ముందు చిన్న బల్ల. చిట్టెమ్మ వాణ్ణి కూర్చోబెట్టి పట్టీ బిగించి, బల్ల మీద ఉడకబెట్టిన గుడ్డు ముక్కలు పెట్టింది. మూడుసార్లు జారిపోయాయి. నాలుగోసారి వాడు గుప్పెట్లో పట్టుకుని, నోటి దాకా తెచ్చి, సగం గడ్డం మీద పూసుకుని, మిగతాది తిన్నాడు.

"ఆయ్, బాబు గారు సొంతంగా తినేస్తున్నారండి!" అని అరిచింది చిట్టెమ్మ.

రూబీ కళ్ళు తుడుచుకుంటూ తలెత్తింది. ఎదురుగా దేవిశ్రీ హన్వికని ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. పెదాలు నవ్వుతున్నాయి. కళ్ళు కుర్చీని చూస్తున్నాయి. ఆ చూపు ఏమిటో రూబీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇన్ని నెలలుగా తను మోస్తున్నదే.

సెంటరు అయ్యాక రూబీ ఆమెని స్కూటీ దగ్గర ఆపింది.

"దేవిశ్రీ గారూ, ఒక మాట చెప్పాలండి. ఆగస్టులో నేను మీకు ఫోను చెయ్యలేదు. టీచరు గారు శనివారమే చెప్పమన్నారు. చెప్పలేదు. సోమవారం ఇక్కడ్నుంచి చెయ్యమన్నారు. చేసినట్టు నటించాను."

దేవిశ్రీకి ముందు అర్థం కాలేదు. "ఎందుకు?"

"మీ పాప నడుస్తుంటే చూడలేకపోయానండి."

దేవిశ్రీ ముఖం పాలిపోయింది. హన్వికని గట్టిగా పట్టుకుంది.

"నా పిల్ల మడమలు చూశావా నువ్వు? రాత్రిళ్ళు మంటని ఏడుస్తుంటే నూనె రాసి ఊదుకుంటూ కూర్చున్నాను. నువ్వు ప్రతి మంగళవారం నా పక్కనే కూర్చుని, ఎలా ఉందండీ అని అడిగావు." ఆమె హన్విక మడమని అరచేత్తో కప్పింది. "నీతో మాట్లాడాలంటేనే అసహ్యంగా ఉంది."

గొడవ విని శ్యామలాంబ బయటికొచ్చింది. సంగతి తెలిసి వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. "తప్పు నాది కూడానమ్మా. నేనే ఇంకోసారి చెయ్యాల్సింది. ముప్ఫైరెండు మంది పిల్లలు, ఫారాలు, ఆ ఎంట్రీలు..." అంది.

"మీ అందరి ఇబ్బందులూ నా పిల్ల కాళ్ళ మీదే తీరాయి" అని దేవిశ్రీ స్కూటీ స్టార్ట్ చేసింది.

మరుసటి మంగళవారం రూబీ సత్యప్రసాద్‌ని అడిగింది. మండల విద్యాశాఖ ఆఫీసు నుంచి లెటరు తీసుకెళితే రాజమండ్రిలో విడిగా కూడా బూట్లు చేస్తారని చెప్పాడాయన. కానీ ఆ లెటరు కోసం తిరిగే తీరిక తనకీ లేదు, టీచరుకీ లేదు. రూబీకి ఉంది. జోయెల్‌ని ఎత్తుకుని ఆ ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగింది. ఒకసారి ఆఫీసరు మీటింగుకి వెళ్ళాడు, ఒకసారి ఆ సీటులో ఎవరూ లేరన్నారు. ఐదోసారి పిల్లాణ్ణి బల్ల ముందు నేల మీద పడుకోబెట్టి, సంతకం అయ్యేదాకా కదలనని కూర్చుంది. అయింది. ఆ కాగితం శ్యామలాంబ చేతికిచ్చి, తన పేరు చెప్పొద్దంది. శ్యామలాంబ చెప్పేసింది. దేవిశ్రీ కాగితం తీసుకుంది, రూబీ వైపు చూడలేదు.

జనవరి చివర్లో బూట్లు వచ్చాయి. ఫిబ్రవరిలో ఒక మంగళవారం హన్విక కడ్డీలు వదిలేసి, చేతులు రెండూ గాల్లో చాచి, తల్లి వైపు ఐదడుగులు వేసి ఒళ్ళో పడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. రూబీకి చేతులు రాలేదు. లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. దేవిశ్రీ.

"చూశావా?" మూడు నెలల్లో అదే మొదటి మాట.

"చూశానండి."

"ఎలా ఉంది?"

అబద్ధం చెప్పే ఓపిక రూబీకి లేదు. "సంతోషంగానే ఉందండి. కడుపు మండుతోంది కూడా."

దేవిశ్రీ వరండా స్తంభానికి ఆనుకుంది. ఆవరణలో ఆడుకునే పిల్లల్ని చూసింది.

"మీవాడు గుడ్డు తిన్న రోజున ఇంటికెళ్ళి అన్నం తినలేదు నేను" అంది. "క్షమించాననుకోకు."

"అనుకోనండి."

లోపల్నుంచి చిట్టెమ్మ పిలిచింది. జోయెల్ వంతు వచ్చింది. రూబీ లోపలికి నడిచింది. దేవిశ్రీ ఇంకాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఆమె కూడా లోపలికి వచ్చి, పరుపుకి అవతలి పక్కన కూర్చుంది.