హ్యాంగయితే దొరికే నిద్ర

జ్ఞానమ్మ రోజూ సాయంత్రం నాలుగుంపావుకి గదికొచ్చేది. చెప్పులు విప్పి, మొహం కడుక్కుని, గోడవారన పరుపు మీద నడుం వాల్చి, "జోనా, ఆట పెట్టరా నాన్నా," అనేది.

పొద్దున్న అయిదింటి నుంచీ మామా ఇంట్లో పని. మామా అంటే యజమానురాలు, కువైట్‌లో అలాగే పిలవాలి. ఆరున్నరకి మళ్లీ కువైట్ సిటీలో ఒక ఆఫీసు తుడవాలి, దానికి అయిదున్నరకల్లా బస్సెక్కాలి. మధ్యలో మిగిలేది గంట. గంట నిద్రతో మనిషి ఎన్నాళ్లు బతుకుతుందంటారా? అందుకే కదా ఆ కంప్యూటర్ ఉన్నది.

అది జ్ఞానమ్మ కొడుకు జోనాథన్‌ది. రాజోలు నుంచి కువైట్ వచ్చి, ఈ ఖైతాన్ పేటలోనే మొబైల్ షాపులో పొద్దుటి డ్యూటీకి కుదిరిన కొత్తలో, నాలుగేళ్ల కిందట, శుక్రవారం సంతలో కొన్నాడు. గేమింగ్ కంప్యూటరే గానీ అప్పటికే దానికి వయసైపోయింది. ఆట పెట్టగానే ఫ్యాన్లు రొప్పడం మొదలెట్టేవి. పది నిమిషాలకి తెర మీద బొమ్మ బిగుసుకుపోయేది. దాంతోపాటు గది బయటున్న లోకం కూడా బిగుసుకుపోయేది. ఏసీ డబ్బా మీంచి లేచిన పావురం గాల్లోనే ఉండిపోయేది. కింద బస్సు మలుపులో సగం తిరిగి ఆగిపోయేది. గదిలో ఉన్నవాళ్లకి మాత్రం అయిదు గంటలు తీరిగ్గా గడిచేవి. ఆ తర్వాత బొమ్మ కదిలేది, పావురం తన దారిన తను పోయేది. గోడ గడియారమొక్కటే, పాపం, గదిలోవాళ్లతో పాటు నడిచేసేది కనక జోనాథన్ రోజూ దాన్ని అయిదు గంటలు వెనక్కి తిప్పేవాడు.

బిల్డింగులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పక్క గదిలో ఉండే రాయచోటి సుబ్బరత్నమ్మ రుబ్బిన పిండి గిన్నె తెచ్చి మూలన పెట్టి, "ఏం జోనా, ఈపొద్దు హ్యాంగయితాది గదా? రేపు ఇడ్లీకి పిండి పులవల్ల," అని చెప్పి పోయేది. పావుగంటకి వచ్చి పొంగిన గిన్నె ఎత్తుకెళ్లేది.

జ్ఞానమ్మకి పడుకోగానే నిద్ర పట్టేది కాదు. కాళ్లు సలుపుతుండేవి. జోనాథన్‌కి కూడా బిగుసుకుపోయిన బొమ్మ ముందు చేసేదేముంది? ఆ బొమ్మనే అమ్మకి చెప్పేవాడు. "ఇది కోటమ్మా. మేం అయిదుగురం, వాళ్లు అయిదుగురు. ఇదిగో, ఈ ఎర్ర తలుపు వెనక మెట్లుంటాయి." ఒక్కోరోజు ఆమె లేచి కూర్చుంటే, కదలని ఆటలోనే ఆమె వేళ్లు కీబోర్డు మీద పెట్టి, ఇది ముందుకి, ఇది పక్కకి అని చూపించేవాడు. ఆమె నవ్వేది. కాసేపటికి ఆవలించి, కొడుకు మాట వింటూ వింటూనే నిద్రలోకి జారుకునేది. ఎంత అలసిపోయినా ఆ ఇద్దరికీ రోజంతటిలో అదే ఇష్టమైన వేళ.

చిక్కల్లా బ్లెస్సన్‌తో వచ్చింది. జోనాథన్ ఆడే జట్టుకి అతనే కెప్టెన్, ఫర్వానియాలో ఉంటాడు. హ్యాంగన్నది జట్టువాళ్లకి రెప్పపాటు, జోనాథన్‌కి అయిదు గంటలు. ఆట మళ్లీ కదిలేసరికి తను ఏ తలుపు దగ్గరున్నాడో, ఎటు చూస్తున్నాడో మర్చిపోయి, కళ్లు నులుముకుంటూ ఎవడో ఒకడి చేతిలో చచ్చిపోయేవాడు. వచ్చే నెల సిటీలో పోటీ ఉంది. "సిస్టమ్ బాగుచేయించుకుంటావా, వేరేవాణ్ణి చూసుకోమంటావా?" అని బ్లెస్సన్ తేల్చేశాడు.

జోనాథన్‌కి ఆ జట్టంటే ప్రాణం. అలాగని అమ్మ నిద్ర తీసేసుకుంటాడా? వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి, చూడటానికేం పోయిందిలే అని, కంప్యూటర్లు రిపేరు చేసే కడప అల్లాబకష్‌ని పిలిచాడు.

అల్లాబకష్ ఆట పెట్టించి, మూత విప్పి చూస్తుండగానే హ్యాంగయింది. అతనేం కంగారుపడలేదు. జ్ఞానమ్మ వండిపెట్టిన వంకాయ కూరతో అన్నం తిన్నాడు, ఓ కునుకు తీశాడు, లేచి టీ తాగాడు. జ్ఞానమ్మ ఇంకా పడుకునే ఉంది.

"బోర్డు, కార్డు రెండూ మార్చల్ల. మార్చినాంక హ్యాంగనే మాటుండదు," అన్నాడు.

"అదే కదన్నా నా బాధ. అమ్మకి నిద్రుండదు." బొమ్మ కదలగానే జోనాథన్ కుర్చీ ఎక్కి గడియారం వెనక్కి తిప్పసాగాడు.

అల్లాబకష్ అడిగాడు. "దినామూ ఇట్లే తిప్పుతావా?"

"నాలుగేళ్ల నుంచి."

"ఆ తిప్పిన గంటలన్నీ యాడికి పోయినాయనుకుంటివి అబ్బీ? గడియారాన్ని తిప్పుకుంటివి సరే, మీయమ్మ ఒంటినెట్ల తిప్పుతావు?"

జోనాథన్ కుర్చీ మీదే ఉండిపోయాడు. రోజుకి అయిదు గంటలు. నాలుగేళ్లు. దగ్గర దగ్గర ఏడాది. ఏ క్యాలెండర్లోనూ లేని ఏడాది అమ్మ ఈ పరుపు మీదే గడిపేసింది. ఆమె కణతల దగ్గర తెల్లబడ్డ జుట్టు అతను రోజూ చూసేదే. ఇవాళ కుర్చీ దిగి, దగ్గరగా వంగి చూశాడు.

ఆమె లేచాక అడిగాడు. "అమ్మా, నీకు తెలుసా?"

"తెలీకేంరా? మామా నాకంటే ఏడాది పెద్దది. ఇప్పుడు చూత్తే ఇద్దరం ఒక్క ఈడోళ్లలాగున్నాం. నిద్ర ఊరికే వత్తాదేంటి?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఆట పెట్టవుగా."

జోనాథన్ అల్లాబకష్ వైపు తిరిగాడు. "రెండూ మార్చేయ్ అన్నా."

జ్ఞానమ్మకి కోపమొచ్చింది. "మరి నేనెప్పుడు పడుకోవాలిరా?"

"సాయంత్రం ఆఫీసుకి నేనెళ్తా. నువ్వు మామా ఇంటి నుంచి వచ్చి పడుకో."

"తుడుపు కర్ర పట్టుకోడం వచ్చా నీకు? మరి నీ ఆటో?"

జోనాథన్ ఫోన్ తీశాడు. నన్ను వదిలేయండిరా, సాయంత్రాలు కుదరదు అని బ్లెస్సన్‌కి మెసేజ్ పెట్టేసి, గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఏడ్చాడు కూడా, కొంచెం.

కొత్త బోర్డు పడ్డాక కంప్యూటర్ మెత్తగా, చప్పుడు లేకుండా నడిచింది. ఎవరు తుడిస్తేనేం, నేల మెరిస్తే చాలన్నాడు ఆఫీసు మేనేజరు. సుబ్బరత్నమ్మ మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు, పిండి పులవక. జ్ఞానమ్మ కళ్ల కింద నలుపు తగ్గింది. వింతేమిటంటే, జట్టు సంగతి బ్లెస్సన్ మళ్లీ ఎత్తనే లేదు. అంత తేలిగ్గా మర్చిపోయారా అని జోనాథన్ లోపల్లోపల కుమిలిపోయేవాడు.

మూడు వారాలకి ఒకరోజు ఆఫీసులో కరెంటు పనులున్నాయని తొందరగా పంపించేశారు. ఎనిమిదిన్నరకే వచ్చి తలుపు తీశాడు. జ్ఞానమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది, నైటీ చేతులు మడిచి, కళ్లజోడు ముక్కు చివరకి జారి.

"బ్లెస్సన్ బాబూ, ఆ ఎర్ర తలుపు జోలికెళ్లకు. దాని ఎనకాల మెట్ల కింద ఒకడు నక్కుంటాడు. నువ్వు అటునుంచి చుట్టు తిరిగి రా, నేనిక్కడ కాత్తాను."

"సరే ఆంటీ," అన్నాడు బ్లెస్సన్ స్పీకర్లోంచి.

మెట్ల కింది నుంచి ఒకడు రానే వచ్చాడు. జ్ఞానమ్మ వాణ్ణి కాల్చి, నిదానంగా ముందుకెళ్లింది.

జోనాథన్ బూట్లు విప్పడం మర్చిపోయాడు. "ఎప్పుడు నేర్చుకున్నావమ్మా ఇదంతా?"

"ఏడాదిపాటు కూకోబెట్టి చెప్పావుగా. అది మాత్రం ఊరికే పోద్దా?" తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. "నువ్వెళ్లాక ఒకరోజు బ్లెస్సన్ బాబు పిలిత్తే నేనే కూకున్నాను. పోటీకి నా పేరిచ్చారంట. నువ్వేమైనా అనుకుంటావేమోనని చెప్పలేదు."

అతను అనుకోవడానికేమీ లేదు. వచ్చి పరుపు మీద వాలాడు. తుడిచి తుడిచి భుజాలు లాగేస్తున్నాయి.

"ఇప్పుడేమవుతుందో చెప్పమ్మా."

ఆమె చెప్పడం మొదలెట్టింది, కోట గురించి, తలుపుల గురించి, వాళ్లు అయిదుగురు, మేం అయిదుగురం అని. వింటూ వింటూ అతను నిద్రపోయాడు. కింద రోడ్డు మీద బస్సు మలుపు తిరిగి ఆగకుండా వెళ్లిపోయింది. గడియారంలో తొమ్మిదైంది, నిజంగానే తొమ్మిది.